మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ: ఎలా పెడితే నిలుస్తుంది, ఎక్కడ చెడుతుంది

సంపాదకులకు,

నీట్ గొడవలు మొదలైన దగ్గర్నుంచి లేఖల పేజీల్లో ఒక మాట తరచూ కనిపిస్తోంది. ర్యాంకు ఒక్కటే చూసి మెడికల్ సీటు ఇవ్వకూడదు, పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, రోగి బాధ పట్టే మనిషో కాదో చూసి ఇవ్వాలి అని. దానికి వచ్చే జవాబూ మారడం లేదు. ఇంటర్వ్యూ అంటే సిఫార్సు, ఇంటర్వ్యూ అంటే కులం, ఇంటర్వ్యూ అంటే సూట్‌కేసు. వైద్యవిద్యలో పరీక్షలు తయారుచేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి రెండో వర్గం భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. ఆ భయం సబబైనదే. కాకపోతే వాళ్లు భయపడుతున్నది ఒక రకం ఇంటర్వ్యూకి. గత ఇరవై ఏళ్లలో ప్రపంచంలో చాలా మెడికల్ కాలేజీలు దాన్ని వదిలేసి ఇంకో రకానికి మారాయి. ఆ రెండో రకం గురించి, అది మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నదాని గురించి ఈ లేఖ.

ముందు పాత రకం సంగతి. బల్లకి అటువైపు నలుగురైదుగురు, ఇటువైపు ఒక పిల్ల. ఎవరికి తోచింది వాళ్లు అడుగుతారు. ఒకరిని క్రికెట్ గురించి, ఇంకొకరిని కాలేయం గురించి. మధ్యలో కూర్చున్న పెద్దాయన ముఖం చిట్లిస్తే పక్కవాళ్ల పెన్నులూ తగ్గుతాయి. చివర్లో అందరూ కలిసి ఒక అంకె వేస్తారు. ఆ అంకెకి విలువెంత? 1979లో హ్యూస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌కి అనుకోకుండా 50 సీట్లు పెరిగాయి. అప్పటికే 150 మందిని తీసేసుకున్నారు. కాబట్టి ఇంటర్వ్యూ కమిటీ వద్దని పక్కన పెట్టినవాళ్ల నుంచే ఆ 50 మందిని తీసుకోవాల్సి వచ్చింది. వాళ్లు చదువు ముగించాక రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే మార్కుల్లో గానీ, వార్డు పనిలో గానీ, మధ్యలో మానేసినవాళ్ల సంఖ్యలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కమిటీ అన్నన్ని గంటలు కూర్చుని చేసిన వడపోత వల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. 1987లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

మన దేశంలో అయితే ఇది కోర్టుల దాకా వెళ్లింది. తమిళనాడు ఎంబీబీఎస్ సీట్ల మీద నడిచిన పెరియకరుప్పన్ కేసులో ఇంటర్వ్యూకి 75 మార్కులు. ఆ 75నీ అయిదు అంశాల కింద విడివిడిగా వెయ్యాలని నిబంధన. కమిటీలు విడగొట్టకుండా గంపగుత్తగా ఒకే అంకె వేసేశాయి. సుప్రీంకోర్టు తప్పు పట్టింది అక్కడే. తర్వాత శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ మీద అజయ్ హసియా కేసు. రాత పరీక్షకి 100, ఇంటర్వ్యూకి 50. ఒక్కొక్కరితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలు, అందులోనూ తల్లిదండ్రులెవరు, ఉండేదెక్కడ అన్న ప్రశ్నలే ఎక్కువని పిటిషనర్ల ఫిర్యాదు. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకి 15 శాతం మించకూడదని, మాటల్ని టేపులో రికార్డు చేస్తే మంచిదని కోర్టు 1980 నవంబరులో ఇచ్చిన తీర్పులో చెప్పింది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కిందిస్థాయి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1 నుంచి కూడా తీసేసింది. ఇవన్నీ ఊరికే జరగలేదు.

ఇప్పుడు రెండో రకం. కెనడాలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ అని ఉంది. అక్కడి వైద్యవిద్య పరిశోధకులు 2004లో ప్రచురించిన పద్ధతి ఇది. పేరు మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, పొట్టిగా ఎంఎంఐ. మెడికోలకి దీని పుట్టుక సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది మన ఆస్కీ పరీక్ష (ఒక్కో చోట ఒక్కో చిన్న పని ఇచ్చి నైపుణ్యం చూసే ప్రాక్టికల్) లాంటిదే. ఒకే రోగిని ఇచ్చి లాంగ్ కేస్ అడిగితే విద్యార్థికి ఆ ఒక్క జబ్బు గురించి తెలుసో లేదో మాత్రమే బయటపడుతుందని, చిన్న చిన్న స్టేషన్లుగా విడగొడితే మొత్తం తెలుస్తుందని 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ ఆస్కీ మొదలుపెట్టాడు. అదే తర్కాన్ని అడ్మిషన్లకి తెచ్చారు. ఒక సందర్భంలో నిదానంగా, మర్యాదగా ఉన్న మనిషి ఇంకో సందర్భంలో అలాగే ఉంటాడన్న హామీ లేదు. అందుకని ఎనిమిది సందర్భాలు పెట్టాలి, ఎనిమిది మంది వేర్వేరుగా చూడాలి, ఒకరి మార్కు ఇంకొకరికి తెలియకూడదు. ఇవాళ బ్రిటన్‌లో ఎక్కువ మెడికల్ స్కూళ్లు, కెనడా, ఆస్ట్రేలియాల్లో చాలా స్కూళ్లు ఇలాగే తీసుకుంటున్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మాత్రం ప్యానెల్ పద్ధతిలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి ప్రవేశ పరీక్ష యూక్యాట్ రాశాక ఎంఎంఐ కోసమే ఇంట్లో గడియారం పెట్టుకుని సాధన చేస్తుంటారు.

ఎక్కువ స్టేషన్లు ఎందుకో చిన్న లెక్కతో చెప్పవచ్చు. ఒక్క స్టేషన్ మార్కు విశ్వసనీయత (ఆ మార్కుని ఎంత నమ్మవచ్చో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే కొలత) 0.2 అనుకోండి. అంటే దాదాపు ఏమీ లేనట్టే. ఇలాంటివి నాలుగు కలిపితే 0.5 అవుతుంది, ఎనిమిది కలిపితే 0.67, పన్నెండు కలిపితే 0.75. ఒక్కో స్టేషన్ బలహీనమైనదే, కూడిక బలమైనది. అలాగని ఒకే గదిలో ఎనిమిది మంది పరీక్షకుల్ని కూర్చోబెడితే ఈ లాభం రాదు. వాళ్లంతా చూసేది ఒకే సంభాషణని, పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ. ఉన్న మనుషుల్ని గదికొకరుగా పంచడమే ఇందులో కిటుకు. రెండో మనిషిని పెట్టే స్తోమత ఉంటే అదే గదిలో పెట్టొద్దు, ఇంకో స్టేషన్ తెరవండి.

నడిపే తీరు ఇది. వరసగా తొమ్మిది గదులు. ఎనిమిదింట్లో స్టేషన్లు, ఒకటి ఖాళీగా విశ్రాంతికి. ప్రతి తలుపు బయట ఒక కాగితం అంటించి ఉంటుంది, అందులో ఆరేడు వాక్యాల్లో సందర్భం రాసి ఉంటుంది. అభ్యర్థి తలుపు బయట నిలబడి రెండు నిమిషాలు చదువుకోవాలి. గంట కొడితే లోపలికి. ఏడు నిమిషాల తర్వాత మళ్లీ గంట. బయటికొచ్చి పక్క తలుపు ముందు నిలబడాలి. అతను అక్కడ చదువుకునే రెండు నిమిషాల్లోనే లోపలి పరీక్షకుడు మార్కులు వేసెయ్యాలి. ఒక్కో మజిలీకి తొమ్మిది నిమిషాలు, తొమ్మిది మజిలీలకి 81 నిమిషాలు. ఒక రౌండులో తొమ్మిది మంది పూర్తవుతారు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఏ బోధనాసుపత్రిలోనైనా ఆదివారం ఓపీ బ్లాకు ఖాళీగానే ఉంటుంది, చిన్న గదులు, వరస తలుపులు, మధ్యలో గోడలు. ఇండోర్ స్టేడియంలో ప్లైవుడ్ అడ్డాలు కట్టి పెట్టొద్దు. పక్క స్టేషన్ మాటలు వినిపిస్తాయి, అయిదో నంబరు వాడికి ఆరో ప్రశ్న ముందే తెలిసిపోతుంది.

తలుపు మీది కాగితంలో ఏముండాలన్నది అసలు పని. వైద్యం తెలిస్తేనే జవాబు వచ్చే ప్రశ్న పెట్టకూడదు, పెడితే డాక్టర్ల పిల్లలకి అప్పనంగా మార్కులు వస్తాయి. ‘డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు’ అన్నది అసలే వద్దు. ఆ ప్రశ్నకి రాష్ట్రం మొత్తం మీద ఒకటే జవాబు, పేదలకి సేవ చెయ్యడానికని. ప్రభుత్వ పథకాల మీద అభిప్రాయం అడిగితే అభ్యర్థి రాజకీయం, పరీక్షకుడి రాజకీయం కలుస్తాయో లేదో అన్నదే మార్కు అవుతుంది.

ఒక నమూనా చూపిస్తాం. కాగితం మీద: ‘మీ పక్కింటి పెద్దాయనకి నడవడం కష్టం. ఆయన పింఛను 4,000 రూపాయలు మీ చేత తెప్పించుకున్నాడు. దారిలో బస్సులో ఆ కవరు పోయింది. కండక్టరుని అడిగారు, దొరకలేదు. ఆయన లోపల మీ కోసం చూస్తున్నాడు. వెళ్లి మాట్లాడండి.’ లోపల ఒక నటుడు. ఆయనకి రాసిచ్చినవి మూడే మాటలు. మొదట ‘వచ్చావా నాయనా, తెచ్చావా?’ విషయం తెలిశాక కొన్ని క్షణాలు ఏమీ మాట్లాడడు. తర్వాత ‘ఈ నెల మందులెట్లా?’ నాలుగో నిమిషంలో ‘నిజం చెప్పు, నువ్వే వాడుకున్నావా?’ ఇవి తప్ప, అభ్యర్థి అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పడం తప్ప, సొంతంగా ఏమీ కలపకూడదు.

పరీక్షకుడు మూలన కూర్చుని చూస్తాడు, మాట్లాడడు. అతని చేతిలోని షీటులో ఒకటి నుంచి అయిదు దాకా ప్రతి అంకెకీ ఏం కనిపించాలో రాసి ఉంటుంది. ఒకటి అంటే విషయం దాచాడు, లేదా పెద్దాయన మీదే కసిరాడు. రెండు అంటే చెప్పాడు గానీ బస్సునీ కండక్టరునీ తిట్టడంతోనే సరిపెట్టాడు. మూడు అంటే సూటిగా చెప్పి క్షమాపణ అడిగాడు, ఆయన మాట మాత్రం వినకుండా తన ధోరణిలో తాను పోయాడు. నాలుగు అంటే చెప్పి, ఆగి, ఆయన మాట్లాడాక జవాబిచ్చాడు, మందుల విషయంలో చెయ్యగలిగింది చెప్పాడు. అయిదు అంటే ఇవన్నీ చేసి, దొంగతనం అంటగట్టినప్పుడు కూడా నోరు జారకుండా, తన వల్ల కాని మాట ఇవ్వకుండా నిలబడ్డాడు. ‘రేపే తెచ్చిస్తా తాతా’ అని ఉత్తి వాగ్దానం చేసినవాడికి చాలామంది కొత్త పరీక్షకులు అయిదు వేసేస్తారు, ఎందుకంటే వినడానికి బాగుంటుంది. డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడో ఆ కుర్రాడు ఆలోచించలేదు. వార్డులో ‘ఏం కాదమ్మా, నయమైపోతుంది’ అనే నోరు ఇలాంటిదే. కాబట్టి షీటు మీద ఈ ఒక్క విషయం లావు అక్షరాల్లో ఉండాలి.

ఎనిమిదీ ఇలా మాటల స్టేషన్లే పెడితే గలగలా మాట్లాడేవాళ్లు గెలుస్తారు. కలుపుగోలు స్వభావం ఉన్నవాళ్లకి ఎంఎంఐలో కాస్త మొగ్గు ఉంటుందని విదేశీ పరిశోధనల్లోనే కనిపించింది. నెమ్మదస్తులకీ చోటుండేలా రెండు స్టేషన్లు పనికి సంబంధించినవి ఉంచాలి. గళ్ల కాగితం మీద ఎనిమిది గీతల బొమ్మ ఒకటి అభ్యర్థికి ఇచ్చి, వీపు తిప్పి కూర్చున్న సహాయకుడి చేత అదే బొమ్మ గీయించమనడం అలాంటిది. సహాయకుడు చెప్పింది చెప్పినట్టే గీస్తాడు, ఊహించి సరిచెయ్యడు. ‘అక్కడ’, ‘ఇటువైపు’ అంటూ మొదలుపెట్టినవాడు ఎదుటివాడికి తన కాగితం కనబడదని ఎంతసేపటికి గ్రహిస్తాడు, గ్రహించాక మొదటికొచ్చి చెప్తాడా, చిరాకు పడతాడా అన్నది చూడాలి. చుక్కల ముగ్గు ఇద్దామని ఎవరికైనా తోచవచ్చు, వద్దు. ఇంటి ముందు రోజూ ముగ్గేసే అమ్మాయికి అది చేతికి అలవాటైన పని, అబ్బాయికి కాదు. స్టేషన్ రాసినవాళ్లు ఇలాంటివి తమకు తాముగా పట్టుకోలేరు. వేరే జిల్లా వాళ్ల చేత చదివించాలి.

ఇక మన సమాజం తెచ్చిపెట్టే చిక్కులు. కెనడాలో లేని ఒక ఇబ్బంది మనకుంది, ఇంటిపేరు. తెలుగునాట ఇంటిపేరు, ఊరిపేరు కలిస్తే మూడో ప్రశ్న అక్కర్లేకుండానే కులం తెలిసిపోతుంది. కాబట్టి అభ్యర్థి మెడలో నంబరు తప్ప పేరు ఉండకూడదు. ‘మీదే ఊరు’, ‘మీ నాన్నగారేం చేస్తారు’, ‘ఏ కాలేజీలో ఇంటర్’ అన్న మూడింటినీ నిషేధ ప్రశ్నలుగా షీటు మీదే అచ్చు వెయ్యాలి, అడిగినట్టు రికార్డులో ఉంటే ఆ పరీక్షకుణ్ణి ఆ రోజే తప్పించాలి. నీట్ ర్యాంకు కూడా తెలియనివ్వకూడదు. తెలిస్తే ర్యాంకే రెండోసారి మార్కు తెచ్చుకుంటుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. భాష విషయంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో ఏదైనా అభ్యర్థి ఇష్టం, మధ్యలో కలిపి మాట్లాడినా మార్కు తగ్గదు అని తలుపు మీదే రాయాలి. యాస మాత్రం దాగదు. శ్రీకాకుళం పిల్ల మాట విజయవాడ చెవికి, పాలమూరు కుర్రాడి మాట గుంటూరు చెవికి మోటుగా తగులుతుంది, ఎంత మంచివాళ్లకైనా. దానికి మందు పరీక్షకుల్ని ప్రాంతాల వారీగా కలిపి వెయ్యడం, ఎవరు ఏ గదో ఆ ఉదయం చీటీ తీసి నిర్ణయించడం.

పరీక్షకులు అందరూ ప్రొఫెసర్లే కానక్కర్లేదు, కాకూడదు కూడా. ఎనిమిది మందిలో ముగ్గురు వైద్య అధ్యాపకులు, ఇద్దరు సీనియర్ నర్సులు, ఒక హౌస్‌సర్జన్, ఒక రిటైర్డ్ హైస్కూల్ టీచరు, ఆసుపత్రితో సంబంధం లేని బయటి మనిషి ఒకరు ఉంటే చాలు. రక్తసంబంధీకులు ఆ ఏడాది అభ్యర్థులుగా ఉన్నవాళ్లూ, కోచింగ్ సంస్థలతో లావాదేవీ ఉన్నవాళ్లూ రాకూడదు. అందరికీ ముందు రోజు మూడు గంటల శిక్షణ తప్పనిసరి. శిక్షణ అంటే ఉపన్యాసం కాదు. ఒకే స్టేషన్‌లో బాగా చేసిన, మధ్యస్థంగా చేసిన, పాడుచేసిన మూడు వీడియోలు చూపించి ఎవరికి వారు మార్కు వెయ్యమనాలి. రెండు మార్కుల తేడా వచ్చినవాళ్లు ఎందుకు వేశారో షీటులోని వాక్యం చూపించి చెప్పాలి. ‘ఆ అబ్బాయిలో ఏదో ఉందండీ’ అన్న జవాబు చెల్లదు. రెండోసారి కూడా సర్దుకోలేనివాళ్లకి టీ ఇచ్చి పంపించెయ్యడమే మేలు.

అయినా కొందరు చెయ్యి బిగించి వేస్తారు, కొందరు ధారాళంగా వేస్తారు. వైవా చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఎంఎంఐలో దీనికి సగం విరుగుడు ఆ పద్ధతి నిర్మాణంలోనే ఉంది. ఒక సర్క్యూట్‌లో, అంటే ఒక వరస గదుల్లో, తిరిగేవాళ్లందరూ అదే పిసినారి ముందుకి వెళ్తారు కాబట్టి అందరికీ సమానంగానే తగులుతుంది. చిక్కు రెండు సర్క్యూట్ల మధ్య వస్తుంది. అభ్యర్థుల్ని చీటీలతో సర్క్యూట్లకి పంచి, ప్రతి స్టేషన్‌లోనూ ఆ పరీక్షకుడు వేసిన మార్కుల సగటు నుంచి అభ్యర్థి ఎంత పైన, ఎంత కింద ఉన్నాడన్నది లెక్కగడితే అది కూడా చాలావరకు సర్దుకుంటుంది. సర్క్యూట్లని ఇంటర్ కాలేజీల వారీగానో, హాల్ టికెట్ నంబర్ల వరసలోనో పంచితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఒక కార్పొరేట్ కాలేజీ బ్యాచి మొత్తం ఒకే సర్క్యూట్‌లో పడితే సగటే మారిపోతుంది.

ఆ రోజు చెడేవి ఇంకొన్ని ఉన్నాయి. నటులు సాయంత్రానికి రెచ్చిపోతారు. ఉదయం నిశ్శబ్దంగా ఉన్న పెద్దాయన నాలుగో రౌండుకి వెక్కి వెక్కి ఏడుస్తుంటాడు, కాబట్టి రెండు రౌండ్లకొకసారి వేరే నటుణ్ణి దించాలి, మాటల చీటీ మళ్లీ చదివించాలి. పరీక్షకులు మధ్యాహ్నం భోజనాల దగ్గర కలిసి ‘ఆ 14వ నంబరు చూశారా’ అంటారు. అందుకే రౌండు అవ్వగానే షీట్లు కవర్లో పెట్టి సీలు వెయ్యాలి, తర్వాత దిద్దుబాట్లు లేవు. కరెంటు పోతే గంట మోగదు, చేతిగంట ఒకటి సిద్ధంగా ఉంచాలి. నత్తి ఉన్న అభ్యర్థికి అదనంగా రెండు నిమిషాలివ్వాలంటే సర్క్యూట్ మొత్తం ఆగుతుంది. అతన్ని ప్రతి స్టేషన్ తర్వాత ఒక ఖాళీ మజిలీ వచ్చేలా విడిగా నడిపించే ప్రణాళిక ముందే ఉండాలి. ఏదైనా స్టేషన్ పూర్తిగా చెడితే ఏం చెయ్యాలన్నది కూడా ముందే రాసి ఉండాలి. మార్కులు చూశాక చేసే నిర్ణయం ఎంత నిజాయితీగా చేసినా కోర్టులో నిలవదు.

ప్రశ్నలు లీకవుతాయి కదా అంటారు. అవుతాయి. ఉదయం రాసినవాడు బయటికొచ్చి ఫోన్ చేస్తాడు. రాతపరీక్ష పేపరు లీకైనంత నష్టం ఇందులో లేదు, ఎందుకంటే సందర్భం తెలిసినా దొంగతనం అంటగట్టినప్పుడు ఏడు నిమిషాలు నిలబడటం ఎవరికి వారే చెయ్యాలి. మెక్‌మాస్టర్ వాళ్లు ప్రశ్నల్ని ముందే బయటపెట్టి చూస్తే మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన దగ్గర మాత్రం అంత ధీమా వద్దు. నోటిఫికేషన్ వచ్చిన నెలలోపు బెంజ్ సర్కిల్ నుంచి అమీర్‌పేట దాకా ‘ఎంఎంఐ స్పెషల్ బ్యాచ్’ బోర్డులు వెలుస్తాయి, నటుడి ముందు కళ్లనీళ్లు ఎప్పుడు పెట్టుకోవాలో కూడా నేర్పుతారు. పూటకొక ప్రశ్నల సెట్టు మార్చాలి, వందకి తగ్గని స్టేషన్ల బ్యాంకు కావాలి. పాత స్టేషన్లలో ఇరవయ్యో ముప్పయ్యో వీడియోలతో సహా తెలుగులో ఉచితంగా పెట్టేస్తే డబ్బున్నవాడికి, లేనివాడికి మధ్య దూరం కొంతైనా తగ్గుతుంది.

మార్కుల కలపడం దగ్గర జరిగే పొరపాటు ఎవరికీ కనబడదు, అందుకే ఇది విడిగా చెప్పాలి. ‘ఇంటర్వ్యూకి 15 శాతమే కదా’ అని సర్దిచెప్పుకుంటాం. పిలిచిన అభ్యర్థుల నీట్ మార్కులు 720కి 560 నుంచి 600 మధ్య ఉన్నాయనుకోండి. దాన్ని 85కి కుదిస్తే 66.1 నుంచి 70.8 వస్తుంది. అందరికన్నా పైవాడికీ కిందివాడికీ తేడా 4.7. ఇంటర్వ్యూ 15 మార్కుల్లో పిల్లలకి 6 నుంచి 13.5 దాకా వచ్చాయనుకోండి, తేడా 7.5. కాగితం మీద 15 శాతం అయినా సీటు ఎవరిదో తేల్చేది ఇంటర్వ్యూయే అవుతుంది. మెక్‌మాస్టర్ చివరి దశలో ఎంఎంఐకి 70 శాతం ఇస్తున్నట్టు బాహాటంగా చెప్పి మరీ ఇచ్చేది, అది వాళ్ల లెక్క. మనం 15 అని చెప్పి 60 ఇస్తే అది మోసం. రెండు మార్కుల్నీ ముందు ఒకే విస్తరణకి తెచ్చి, అంటే పైవాడికీ కిందివాడికీ ఉండే తేడా రెండింట్లోనూ సమానమయ్యేలా చేసి, ఆ తర్వాతే 85, 15 వెయ్యాలి.

ఫలితం సంగతికొస్తే, మెక్‌మాస్టర్ ఈ పద్ధతిలో ఎంచుకున్నవాళ్లు, అక్కడ సీటు రాక వేరే కాలేజీల్లో చదివినవాళ్లకన్నా కెనడా జాతీయ లైసెన్సు పరీక్షల్లో మెరుగ్గా చేశారని 2012లో ప్రచురించారు. తేడా ఉంది, అద్భుతమేమీ కాదు. లంచం తీసుకోని డాక్టర్ని, ఏజెన్సీలో పదేళ్లు ఉండే డాక్టర్ని ఇది పట్టిస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఇక మనకి సాధ్యమా? ఏటా 22 లక్షల మందికి పైగా రాసే పరీక్షకి అనుబంధంగా దీన్ని అందరికీ పెట్టడం కుదరదు. వడపోత అయ్యాక అయితే లెక్క వేయవచ్చు. ఒక రాష్ట్రంలో 6,000 సీట్లనుకుని సీటుకి ముగ్గుర్ని పిలిస్తే 18,000 మంది. ఒక కేంద్రంలో మూడు సర్క్యూట్లు, రోజుకి నాలుగు రౌండ్లు నడిపితే 108 మంది. పది కేంద్రాల్లో 17 రోజులు. కేంద్రానికి ముగ్గురు అదనపువాళ్లతో కలిపి రోజుకి 270 మంది పరీక్షకులు, నటులు వేరే. కష్టం, అసాధ్యం కాదు. అసలు అడ్డంకి చట్టం. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ఎంబీబీఎస్ ప్రవేశాలకి నీట్‌నే ఏకైక ద్వారం చేసింది. దశాబ్దాలపాటు అభ్యర్థుల్ని క్యాంపస్‌కి పిలిచి రోజుల తరబడి పరిశీలించి ఎంచుకున్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఈ గొడవలోనే 2017లో వంద ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటే నింపింది. మైనారిటీ సంస్థలకి కూడా నీట్ తప్పదని 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తేల్చేసింది. పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ మాత్రం నీట్ తర్వాత తన రాతపరీక్ష, మనస్తత్వ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టుకుంటోంది, సైన్యం అవసరాలు వేరు కాబట్టి.

అందుకని రేపటి కౌన్సెలింగ్‌లో ఇంటర్వ్యూ పెట్టమని మేం అడగడం లేదు. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చెరొక కాలేజీలో, సీటు వచ్చి చేరిన పిల్లల మీద ఒక ప్రయోగం చెయ్యాలని అడుగుతున్నాం. 2019 నుంచి మొదటి సంవత్సరం ఫౌండేషన్ కోర్సుతో మొదలవుతోంది, ప్రవర్తన, నైతికత, సంభాషణల పాఠాలు సిలబస్‌లోనే ఉన్నాయి. ఆ కోర్సు రోజుల్లో 150 మందికి ఎంఎంఐ పెట్టవచ్చు. రెండు సర్క్యూట్లలో రౌండుకి 18 మంది, మొత్తం తొమ్మిది రౌండ్లు, రెండు రోజులు, 16 మంది పరీక్షకులు, ఇద్దరు అదనం. ఎథిక్స్ కమిటీ అనుమతి, విద్యార్థి రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి. ఇష్టం లేనివాళ్లు తప్పుకోవచ్చు, అందువల్ల వాళ్లకి ఏ నష్టమూ ఉండకూడదు. మార్కులు కాలేజీలో ఎవరికీ తెలియకూడదు, కోడ్ నంబర్లతో యూనివర్సిటీలో సీలు వేసి ఉంచాలి. తెలిస్తే అధ్యాపకులు ఆ పిల్లల్ని ఆ కళ్లతోనే చూస్తారు, ప్రయోగం పాడవుతుంది.

తర్వాత పోల్చాల్సింది థియరీ మార్కులతో కాదు. వార్డు పోస్టింగుల్లో జరిగే ఆస్కీ మార్కులు, హౌస్‌సర్జన్సీలో ప్రతి విభాగంలో నర్సింగ్ సూపరింటెండెంటు, యూనిట్ చీఫ్ విడివిడిగా ఇచ్చే అంచనా, రోగుల ఫిర్యాదులు, వీటితో. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ కలిపితే పూర్తి ఫలితానికి అయిదున్నరేళ్లు పడుతుంది, తొలి సూచన మాత్రం మూడో ఏడాది ఆస్కీలోనే దొరుకుతుంది. ఒక జాగ్రత్త అవసరం. సీటు వచ్చినవాళ్లనే చూస్తున్నాం కాబట్టి, రానివాళ్లు లెక్కలో లేరు కాబట్టి, కనిపించే సంబంధం అసలుదానికన్నా తక్కువగానే కనిపిస్తుంది. గణాంకాలు చూసేవాళ్లు ఆ సవరణ చెయ్యాలి, అలాగని సవరణ పేరుతో లేనిది పుట్టించకూడదు. ఎంత సంబంధం కనిపిస్తే పద్ధతి పనికొచ్చినట్టు అన్న గీతని కూడా ప్రయోగం మొదలుపెట్టేముందే రాసి ప్రకటించాలి. ఆ గీత దాటకపోతే రెండు రాష్ట్రాలూ ఈ ఆలోచన వదిలేసి ఆ డబ్బు హాస్టళ్ల మీద పెట్టుకోవచ్చు. దాటితే చట్ట సవరణ అడగడానికి కెనడా లెక్కలు కాకుండా మన వార్డుల లెక్కలే ఢిల్లీకి పట్టుకెళ్లవచ్చు.

ఇట్లు,
కొందరు వైద్యవిద్యా బోధకులు